చదివే మనిషి పక్కన పిల్లి

చదువుతున్న మనిషి దగ్గరికే పిల్లి ఎందుకు వస్తుంది? గదిలో నలుగురు "రా బుజ్జీ, రా" అని చేతులు చాపి పిలుస్తుంటే వాళ్ళందరినీ దాటిపోయి, తల వంచుకుని పుస్తకంలో మునిగిపోయిన ఐదో మనిషి ఒళ్ళోకి ఎక్కుతుంది. ఒడి చాలదన్నట్టు, తెరిచి ఉన్న పేజీ మీదే పడుకుంటుంది. పిల్లిని పెంచిన చదువరులందరికీ ఇది అనుభవమే. దీనికి కారణం వెతుక్కుంటూ బయల్దేరితే ఎడారి, గుండె, బడి, బొద్దింకలు, బస్రా నగరం అన్నీ దారిలో తగులుతాయి.

కువైట్‌లో రుమైథియా అనే పేట ఉంది. హవల్లీ గవర్నరేట్‌లో, సముద్రపు ఒడ్డునున్న సాల్మియాకు ఆనుకుని ఉంటుంది. బ్లాకులుగా విడదీసిన వీధులు, రెండు మూడంతస్తుల విల్లాలు, సరుకులకు ఒక జమియా, అంటే సహకార దుకాణం. ఇళ్ళలో ఎక్కువ భాగం కువైటీ కుటుంబాలవి. ఆ ఇళ్ళలో వంట చేసేవాళ్ళు, కార్లు నడిపేవాళ్ళు, పిల్లల్ని సాకేవాళ్ళలో మనవాళ్ళు ఎందరో: రాజంపేట, రాయచోటి, కడప వైపు వాళ్ళు, కోనసీమ వాళ్ళు. పక్కన సాల్మియా ఫ్లాట్లలో నర్సులు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు. శుక్రవారం సెలవు దొరికినవాళ్ళు ఒకచోట చేరినప్పుడు, అందులో చదివే అలవాటున్నవాళ్ళు ఉంటే, మాట పుస్తకాల మీదికి మళ్ళుతుంది. ఊరికెళ్ళొచ్చినవాళ్ళ పెట్టెల్లో పచ్చడి సీసాల మధ్య సర్దుకొచ్చిన నవలలు చేతులు మారతాయి. పాత చందమామలు ఫోన్లలోంచి ఫోన్లలోకి వెళ్తాయి. అలాంటి కబుర్లలో నేనూ కూర్చున్నాను. మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి ఎవరో ఒకరు ఇంట్లో పిల్లి సంగతో, ఊళ్ళో వదిలి వచ్చిన కుక్క సంగతో ఎత్తేవారు. కుక్క గురించి చెప్పేటప్పుడు గొంతు కొంచెం తడబడేది. భార్యాపిల్లలతో ఫోన్లో మాట్లాడొచ్చు. కుక్కతో ఏం మాట్లాడతాం?

రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక అక్క అడిగిన ప్రశ్నే ఈ అధ్యాయానికి మూలం. ఆమె పనిచేసే ఇంట్లో పర్షియన్ పిల్లి ఉంది. బొచ్చు దువ్వడం, తిండి పెట్టడం, ఇసుక తట్ట శుభ్రం చేయడం అన్నీ ఆమె పనే. "ఇంట్లో పిల్లోళ్ళంతా ఎత్తుకుంటామని ఎంటబడతారన్నా. వాళ్ళ దగ్గరికి పోదు. రాత్రి పనంతా అయినాక నేను కూర్చోని పుస్తకం తెరిస్తే చాలు, వచ్చి కాగితం మీదే పండుకుంటాది. అదేమన్నా చదువుతాదా ఏంది?" అంది. పక్కనే ఉన్న కాకినాడ నర్సమ్మ, "మాకు పిల్లి లేదండీ. మా వాడైతే తెలుగు పుస్తకం పైకి చదవమంటే చాలు, మంచం కింద దూరతాడు" అంది. ఈ రెండు మాటలకూ దగ్గరి చుట్టరికం ఉంది. ముందు పిల్లి సంగతి చూద్దాం.

పిల్లికి కళ్ళల్లోకి సూటిగా చూసే చూపు నచ్చదు. రెండు పిల్లులు గోడ మీద ఎదురుపడి ఒకదాన్నొకటి రెప్ప వాల్చకుండా చూసుకుంటే అది కొట్లాటకు ముందుమాట. మనమేమో ఇష్టమైనదాన్ని కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తాం, గొంతు పెంచి పిలుస్తాం, మీదికి వంగి చేయి చాస్తాం. పిల్లి లెక్కలో ఇవన్నీ తప్పుకోమని చెప్పే సైగలు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కారెన్ మెకోంబ్ బృందం 2020లో ప్రచురించిన పరిశీలనలో, మనిషి కళ్ళు సగం మూసి మెల్లగా రెప్పలార్పితే పిల్లులు కూడా అలాగే రెప్పలార్పి బదులిచ్చాయి. అంతవరకు ముఖం తెలియని మనిషి చేయి చాచినప్పుడు కూడా, ముందుగా అలా రెప్పలార్పి ఉంటే దగ్గరికి రావడానికి ఎక్కువగా ఇష్టపడ్డాయి.

ఇప్పుడు చదివే మనిషిని పిల్లి కళ్ళతో చూడండి. కదలడు. అరవడు. చూపు కిందికి వాలి ఉంటుంది, రెప్పలు సగం దిగి ఉంటాయి. చేతులు ఎటూ రావు. పిల్లితో ఇతనికి ఏ పనీ లేదు. పిల్లికి కావలసిందీ అదే. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో డెనిస్ టర్నర్ ఇళ్ళలో పిల్లులూ మనుషులూ మెలిగే తీరును ఏళ్ళ తరబడి గమనించాడు. మనిషి పిలిస్తే మొదలైన ముద్దుమురిపాల కన్నా, పిల్లి తనంతట తాను వచ్చి మొదలుపెట్టినవే ఎక్కువసేపు సాగుతాయని తేల్చాడు. చొరవ ఎవరిదన్నదే కీలకం. రాజంపేట అక్క పిల్లిని బతిమాలలేదు, తరమలేదు. దాని తిండీ శుభ్రతా చూసి, ఆ తర్వాత తన పుస్తకం తాను చూసుకుంది. ఇంటి పిల్లలు ఇచ్చినదానికన్నా పెద్ద మర్యాద అది.

"తిండి పెడుతుంది కాబట్టి వస్తుంది, అంతేగా?" అని కబుర్లలో ఒకరన్నారు. అంతే కాదు. అమెరికాలో క్రిస్టిన్ వైటేల్ బృందం 2017లో పిల్లుల ముందు తిండి, ఆటవస్తువు, వాసన, మనిషి తోడు పెట్టి ఏది ఎంచుకుంటాయో చూసింది. ఎక్కువ పిల్లులు మనిషినే ఎంచుకున్నాయి. తిండి రెండో స్థానం. అదే బృందం 2019లో, పసిపిల్లలకు తల్లితో ఉండే అనుబంధాన్ని కొలిచే పద్ధతిని పిల్లి కూనల మీద ప్రయోగించింది. కొత్త గదిలో మనిషిని కాసేపు బయటికి పంపి మళ్ళీ రప్పిస్తారు. మనిషి రాగానే నెమ్మదించి, మళ్ళీ ధైర్యంగా గదంతా తిరిగిన కూనలు 64 శాతం. మానవ శిశువుల్లో కనిపించే లెక్క కూడా దాదాపు ఇదే. పిల్లి స్వార్థపరురాలన్న మాట మన పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా, కొలిచి చూసినవాళ్ళకు అలా కనిపించలేదు.

పేజీ మీదే ఎందుకు పడుకుంటుందన్నది మిగిలింది. ఇక్కడ కువైట్ వేడి కథలోకి వస్తుంది. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న, ఆసియా ఖండంలోనే అత్యధిక ఉష్ణోగ్రత అది. అంత వేడిలో బతికేవాళ్ళు ఇంట్లో ఏసీని 22కో 23కో పెట్టుకుంటారు. మనిషికి హాయి. పిల్లికి చలి! శరీరం అదనంగా శక్తి ఖర్చు చేయకుండా తన వేడిని నిలుపుకోగలిగే వాతావరణం పిల్లికి సుమారు 30 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటుంది. దాని ఒంటి వేడి మామూలుగానే 38, 39 డిగ్రీలు. కాబట్టి బయట 48 డిగ్రీల ఎండ మండుతున్న మధ్యాహ్నం, రుమైథియాలో ఒక చల్లటి గదిలో, చలువరాతి నేల మీద నడిచే పిల్లి నిజంగానే వెచ్చదనం కోసం వెతుక్కుంటూ ఉంటుంది. రాయి ఒంట్లోని వేడిని చప్పున లాగేస్తుంది. కాగితం లాగదు. అందులోనూ ఆ కాగితం మనిషి ఒళ్ళో ఉంది, రెండు చేతుల మధ్య ఉంది, ఆ మనిషి చూపంతా ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఉంది. పిల్లికి ఇంతకన్నా మంచి చోటు ఇంట్లో ఇంకెక్కడ దొరుకుతుంది?

ఎండకు ఇంత ఓర్చే ఈ ఒళ్ళు పిల్లికి ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రాంతం నుంచే. కార్లోస్ డ్రిస్కాల్, అతని సహచరులు 979 పిల్లుల, అడవిపిల్లుల జన్యువులను పోల్చి 2007లో చెప్పినదాని ప్రకారం, లోకంలోని పెంపుడు పిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ఎండు నేలల్లో తిరిగే అడవిపిల్లి సంతతి. తర్వాత పురాతన ఎముకల మీద జరిగిన పరిశోధనల్లో ఈజిప్టు పాత్ర కూడా బలంగా బయటపడింది. మనుషులు వ్యవసాయం నేర్చి గింజలు నిలవ చేసుకోవడం మొదలుపెట్టాక ఎలుకలు చేరాయి, ఎలుకల వెంట పిల్లి వచ్చింది. ఎద్దునో మేకనో పట్టి కట్టేసినట్టు పిల్లిని ఎవరూ కట్టేయలేదు. అప్పుడూ చొరవ దానిదే. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి ఒక సమాధిలో మనిషి అస్థిపంజరానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఎనిమిది నెలల పిల్లి అస్థిపంజరం దొరికిందని ఫ్రెంచి శాస్త్రవేత్త ఝాన్ దెనీ వీన్య్ బృందం 2004లో వెల్లడించింది. సైప్రస్‌లో సహజంగా పిల్లులు లేవు. అంటే అంత పాతకాలంలోనే ఎవరో పడవలో వెంట తీసుకెళ్ళారు, చనిపోయాక పక్కనే పడుకోబెట్టారు.

ఎడారి పుట్టుక ఇంకో గుర్తు మిగిల్చింది. పిల్లి మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరచి నీటిని ఒంట్లోనే దాచుకుంటాయి. దాహం తొందరగా వేయదు. అడవిలో వేటాడిన ఎలుక ఒంట్లో ఉండే నీరే చాలావరకు సరిపోతుంది. ఇంట్లో పొడి గింజల తిండి మాత్రమే పెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దాహం వేయకపోవడమంటే నీరు అక్కరలేదని కాదు. రుమైథియా వీధుల్లో విల్లాల గోడలకు పుణ్యం కోసం కట్టించిన చల్లటి నీళ్ళ కుళాయిలు కనిపిస్తాయి, సబీల్ అంటారు. దారిన పోయే కూలీ దప్పిక తీరడానికి పెట్టినవి. కుళాయి కింది పళ్ళెంలో మిగిలిన నీటి దగ్గర వీధిపిల్లి వంగి, నాలుకతో చప్పుడు లేకుండా తాగుతూ ఉంటుంది. మనిషి దగ్గరికొస్తే రెండడుగులు వెనక్కి వేసి, మనిషి తాగి వెళ్ళాక మళ్ళీ వస్తుంది. వరస తెలిసిన జీవి!

ఇస్లాంలో పిల్లిని శుభ్రమైన ప్రాణిగా చూస్తారు. ప్రవక్త అనుచరుల్లో ఒకరు పిల్లికూన మీది ఇష్టంతోనే అబూ హురైరా అనే పేరుతో ప్రసిద్ధులయ్యారు. అరబ్బు లోకంలో ఇళ్ళలోకీ మసీదుల్లోకీ పిల్లి అడ్డం లేకుండా వచ్చింది, పుస్తకాలున్న చోటికీ వచ్చింది. అది అక్కడా ఎలుకల కోసమే వచ్చి ఉండాలి. తాళపత్రమైనా తోలుకాగితమైనా ఎలుకకు ఒకటే రుచి. అరబ్బు లోకం దాటినా ఇదే కథ. 2011లో యూరప్‌లోని దుబ్రోవ్నిక్ నగరపు పాత పత్రాలు చూస్తున్న చరిత్రకారుడు ఎమిర్ ఫిలిపోవిచ్‌కు 15వ శతాబ్దపు ఒక దస్తావేజు పుట మీద సిరా అంటిన పిల్లి పాదాల ముద్రలు కనిపించాయి. రాసుకుంటున్న లేఖరి దగ్గరికి వచ్చి పేజీ తొక్కి వెళ్ళిపోయింది. రాజంపేట అక్క పిల్లి చేసినదే, దాదాపు ఆరు వందల ఏళ్ళ కిందట.

రుమైథియా నుంచి ఉత్తరానికి గీత గీస్తే సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఇరాక్ నగరం బస్రా ఉంది. పుస్తకాలనూ జంతువులనూ కలిపి ప్రేమించినవాళ్ళకు అది తీర్థం లాంటి ఊరు. తొమ్మిదో శతాబ్దంలో అక్కడ అల్ జాహిజ్ అనే రచయిత ఉండేవాడు. పుట్టింది 776 ప్రాంతంలో, పోయింది 868 చివరనో మరుసటి ఏడాదో. పుస్తకాలు కొనే స్తోమత లేని రోజుల్లో పుస్తకాల దుకాణాలను రాత్రిళ్ళు అద్దెకు తీసుకుని లోపల కూర్చుని చదివేవాడని చెబుతారు. ముసలితనంలో పుస్తకాల దొంతర మీద పడి చనిపోయాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది. అది నిజమో కాదో గానీ, ఆ కథ చెప్పుకున్నవాళ్ళు అలాంటి చావే అతనికి తగునని అనుకున్నారన్నమాట. అతని పెద్ద రచన జంతువుల గురించి, ఏడు సంపుటాలు: కితాబ్ అల్ హయవాన్. ఆశ్చర్యమేమిటంటే, జంతువుల గురించిన ఆ మహాగ్రంథం మొదట్లోనే పుస్తకాలను పొగుడుతూ చాలా పుటలు సాగుతాయి. పుస్తకం నిన్ను విసిగించదు, ముఖస్తుతి చేయదు, నువ్వు కోరినంతసేపు ఉంటుంది అన్న ధోరణిలో రాస్తాడు. రుమైథియా కబుర్లలో పిల్లి గురించి అక్క చెప్పిన గుణాలు కూడా ఇవే. పుస్తకాల కబుర్లు జంతువుల మీదికి ఎందుకు మళ్ళుతాయో నాకు అల్ జాహిజ్‌ను గురించి తెలుసుకున్నాకే అర్థమైంది.

అతనికి ముందు తరంలో, ఎనిమిదో శతాబ్దం నడుమ, అదే బస్రాలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా మన పంచతంత్రాన్ని పహ్లవీ భాష నుంచి అరబ్బీలోకి తెచ్చాడు. కలీలా వ దిమ్నా అని దాని పేరు. అందులో పంచతంత్రం ఒక్కటే లేదు, మహాభారతం శాంతిపర్వంలోని కథలు కూడా చేరాయి. వేటగాడి వలలో పడ్డ పిల్లి లోమశుడు, ఒకవైపు ముంగిస, మరోవైపు గుడ్లగూబ కాచుకున్న ఎలుక పలితుడు. ఎలుక ప్రాణభయంతో పిల్లి పక్కనే చేరి, వల తాళ్ళు కొరుకుతానని మాటిస్తుంది. కానీ చివరి తాడు మాత్రం వేటగాడు కనుచూపు మేరకు వచ్చాకే కొరుకుతుంది. ప్రాణాలు దక్కాక పిల్లి స్నేహం కోరితే, దూరంగానే ఉందామని చెబుతుంది. తిక్కన తెలుగులో చదివిన మనకు తెలిసిన ఆ పిల్లీ ఎలుకలే అరబ్బీ పుస్తకంలోనూ ఉన్నాయి. పంచతంత్రంలోని ముంగిస కథ మరీ దూరం వెళ్ళింది. పసివాడిని పాము నుంచి కాపాడిన పెంపుడు ముంగిసను, మూతికి రక్తం చూసి తొందరపడి చంపేసిన కథ. యూరప్ చేరేసరికి ముంగిస కుక్కగా మారింది. ఫ్రాన్స్‌లో లియాన్ సమీపాన పదమూడో శతాబ్దంలో జనం గినెఫోర్ అనే అలాంటి కుక్కను పిల్లలను కాపాడే పుణ్యమూర్తిగా కొలిచారు. ఏ దేశం వాళ్ళు ఆ దేశంలో ఇంట్లో తిరిగే ప్రాణిని కథలో పెట్టుకున్నారు. రాజంపేట అక్క తాను సాకే పిల్లవాడికి వచ్చీరాని అరబ్బీలో ముంగిస కథ చెబితే, వాడు అది మా పుస్తకంలోది, నీకెలా తెలుసని వాదించాడట. ఆ పిల్లవాడిదీ నిజమే, అక్కదీ నిజమే.

ఇక మంచం కింద దూరే కాకినాడ పిల్లవాడి సంగతి.

కువైట్‌లో మన పిల్లలు చాలామంది సీబీఎస్‌ఈ బడుల్లో ఇంగ్లీషులో చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. లిపి దగ్గరికి వచ్చేసరికి గుణింతం గుర్తుకొస్తే వత్తు గుర్తుకు రాదు, వత్తు గుర్తుకొచ్చేసరికి వాక్యం మొదలు మరిచిపోతారు. ఇందులో తెలివితక్కువ లేదు. అక్షరాన్ని శబ్దంగా మార్చే పని ఇంకా అలవాటుగా మారనప్పుడు, మనసులో ఉన్న కాస్త చోటూ ఆ పనికే సరిపోతుంది. ఆ చోటులోకి ఇంకొకటి చొరబడితే చదువు ఆగిపోతుంది. చొరబడేది ఏమిటంటే, తననెవరో చూస్తున్నారన్న ఎరుక.

ఈ ఎరుక ఏం చేస్తుందో రాబర్ట్ జాయన్స్ 1965లో సూత్రీకరించాడు. పక్కన ఎవరైనా ఉంటే బాగా వచ్చిన పని ఇంకా బాగా చేస్తాం, సరిగా రాని పని ఇంకా పాడు చేస్తాం. 1969లో అతను, సహచరులు దీన్ని బొద్దింకల మీద పరీక్షించారు. వెలుతురు నుంచి తప్పించుకోవడానికి తిన్నగా పరుగెత్తితే చాలినచోట, పారదర్శకమైన అడ్డం వెనక తోటి బొద్దింకలు ప్రేక్షకులుగా ఉంటే బొద్దింక వేగం పెరిగింది. మలుపు తిరగాల్సిన కష్టమైన దారిలో, ప్రేక్షకులుంటే నెమ్మదించింది. బొద్దింకకే ఇలా ఉంటే, "వత్తు ఎక్కడ పోయిందిరా?" అనే అమ్మ ముందు కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లవాడి సంగతి చెప్పాలా?

ప్రేక్షకులు మనుషులు కాకపోతే? అమెరికాలో కారెన్ ఆలెన్ బృందం 1991లో 45 మంది మహిళలకు నోటి లెక్కలు చేయమని ఇచ్చి, గుండె వేగం, రక్తపోటు కొలిచింది. దగ్గరి స్నేహితురాలు పక్కన కూర్చున్నప్పుడు ఒత్తిడి పెరిగింది. పెంపుడు కుక్క పక్కనున్నప్పుడు ఒత్తిడి అతి తక్కువ. స్నేహితురాలికి చెడు ఉద్దేశం లేదు, సాయం చేయడానికే వచ్చింది. కానీ ఆమె లెక్క తప్పును లెక్కపెట్టగలదు, కుక్క లెక్కపెట్టలేదు. ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం 1983లో 38 మంది పిల్లలతో చేసిన పరీక్ష మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. పిల్లలు ఊరికే కూర్చున్నప్పుడూ, పుస్తకం పైకి చదివినప్పుడూ రక్తపోటు కొలిచారు. పైకి చదవడం మొదలుపెట్టగానే ఎవరికైనా రక్తపోటు కొంత పెరుగుతుంది. గదిలో కుక్క ఉన్నప్పుడు రెండు స్థితుల్లోనూ అది తక్కువగా నమోదైంది.

1999లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో, చదవడానికి తడబడే పిల్లల్ని శిక్షణ పొందిన కుక్కల పక్కన కూర్చోబెట్టి చదివించే కార్యక్రమం గ్రంథాలయంలో మొదలైంది. తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. దీని మీద వచ్చిన 48 అధ్యయనాలను ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో కలిపి పరిశీలించారు. ఆశ కలిగించే ఫలితాలున్నాయి, కానీ అధ్యయనాలు చాలావరకు చిన్నవి, కట్టుదిట్టంగా చేసినవి తక్కువ అని తేల్చారు. నా తీర్పు ఇది: కుక్కో పిల్లో పిల్లవాడికి చదవడం నేర్పదు. నేర్పేది అమ్మ, పంతులు, పుస్తకం. చదువు సాగడానికి అడ్డంగా ఉన్న భయాన్ని మాత్రం అది తీస్తుంది. ఇందులో ఊహించుకోవాల్సిన మాయ ఏదీ లేదు. చదివే మనిషి పిల్లికి ఎలాంటి తోడో, పిల్లి చదివే పిల్లవాడికి అలాంటి తోడు. ఇద్దరూ ఎదుటివాడిని గుచ్చి చూడరు, తొందరపెట్టరు, చొరవను అవతలివాడికే వదిలేస్తారు.

పిల్లికి ఆ చదువు వినబడుతుందా అని అడిగితే, వినబడుతుంది. జపాన్‌లో అత్సుకో సైతో పరిశీలనల్లో పిల్లులు యజమాని గొంతును కొత్తవాళ్ళ గొంతు నుంచి వేరుగా గుర్తించాయి (2013), ఇతర మాటల వరసలోంచి తమ పేరును పట్టుకున్నాయి (2019). ఫ్రాన్స్‌లో షార్లోట్ ద మూజాన్ 2022లో చూపినదేమంటే, యజమాని తనతో ముద్దుగా మాట్లాడుతున్నాడా, మరో మనిషితో మాట్లాడుతున్నాడా అన్న తేడా కూడా పిల్లికి తెలుసు. కథ తెలియదు. ఎవరు చెబుతున్నారో, ఎవరికి చెబుతున్నారో తెలుసు. చదివే పిల్లవాడికి అంత చాలు.

చదువు, పెంపుడు జంతువు, రెండూ ఆయుష్షు పెంచుతాయని ఫోన్లలో తిరిగే సందేశాల సంగతి కూడా మా కబుర్లలో వచ్చింది. వాటి మూలం నిజమైన పరిశోధనే. 1980లో ఇదే ఎరికా ఫ్రీడ్‌మన్ గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికెళ్ళిన 92 మందిని ఏడాది పాటు గమనించింది. పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు చనిపోయారు. లేని 39 మందిలో 11 మంది. అంకెలు చూస్తే కళ్ళు చెదురుతాయి. కానీ 2010లో ఆస్ట్రేలియాలో గోర్డన్ పార్కర్ బృందం ఇలాంటి రోగులనే చూస్తే ఫలితం తిరగబడింది. పిల్లులు ఉన్నవాళ్ళలోనే చనిపోవడమో మళ్ళీ ఆసుపత్రి పాలవడమో ఎక్కువగా కనిపించింది. 2013లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అన్నీ చూసి, ముఖ్యంగా కుక్కను పెంచడం గుండెకు కొంత మేలు చేయవచ్చు, అయితే గుండె కోసమే జంతువును తెచ్చుకోకండని చెప్పింది. పుస్తకాల విషయంలో, యేల్ విశ్వవిద్యాలయం నుంచి 2016లో వచ్చిన అధ్యయనంలో 3,635 మంది పెద్దవయసువాళ్ళను 12 ఏళ్ళు గమనిస్తే, పుస్తకాలు చదివేవాళ్ళలో మరణాల ముప్పు 20 శాతం తక్కువగా కనిపించింది. చదువు, డబ్బు, ఆరోగ్యం లాంటి తేడాలను లెక్కలోంచి తీసేశాక కూడా ఆ తేడా మిగిలింది. అయినా పుస్తకమే కారణమని దీంతో రుజువు కాదు. పుస్తకాన్నీ పిల్లినీ మందుబిళ్ళలుగా చూడనక్కరలేదు. అవి మందు కాకపోయినా వాటి విలువ తగ్గదు.

పిల్లికి మన వల్ల ఏం కావాలన్నది అసలు ప్రశ్న. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు పగలు 11 నుంచి 4 దాకా ఆరుబయట పనులు నిషేధం. మనిషికి చట్టం ఉంది. పిల్లికి చెమట పట్టేది ప్రధానంగా పాదాల మెత్తల్లోనే. మిగతా వేడిని బొచ్చు నాకి తడుపుకుని, నీడ వెతుక్కుని దించుకోవాలి. నోరు తెరిచి ఎగరొప్పుతున్న పిల్లి అపాయంలో ఉన్నట్టే. చల్లటి చోటికి చేర్చి, ఒళ్ళు తడిపి, పశువైద్యుడికి చూపించాలి. గర్భిణులు పిల్లి ఇసుక తట్టను శుభ్రం చేసే పని వేరేవాళ్ళకు అప్పగించాలి. ఆ తట్టలోని పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకితే కడుపులోని బిడ్డకు ప్రమాదం. ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు ఈ సంగతి ఇంటివాళ్ళకు మొహమాటం లేకుండా చెప్పాలి.

ఉద్యోగం ముగించుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళకు ఒక విన్నపం. ఏసీ గదిలో పెరిగిన పిల్లిని వీధిలో వదిలి విమానం ఎక్కడమంటే దాన్ని చావుకు వదలడమే. మైక్రోచిప్, రేబిస్ టీకా, ఆరోగ్య ధ్రువపత్రం, భారత జంతు క్వారంటైన్ విభాగం అనుమతి కావాలి. వీటికి వారాలు పడుతుంది కాబట్టి టికెట్ కొన్నాక కాదు, వెళ్ళాలనుకున్న రోజే మొదలుపెట్టండి. తీసుకెళ్ళలేకపోతే, బాధ్యతగా చూసుకునే ఇల్లు ముందే వెతకండి.

ఇంట్లో తెలుగు చదవడానికి మొరాయించే పిల్లవాడు ఉంటే, ఈ శుక్రవారం వాడి చేతికి వాడికి నచ్చిన కథల పుస్తకం ఇచ్చి, పిల్లి ఉంటే పిల్లి పక్కన, కుక్క ఉంటే కుక్క పక్కన, ఏదీ లేకపోతే పంజరంలోని చిలుక ముందు కూర్చోబెట్టండి. పదిహేను నిమిషాలు చాలు. మీరు పక్క గదిలో ఉండండి, తప్పులు వినబడినా దిద్దకండి. పిల్లి లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి, వెనక్కి లాక్కురావద్దని పిల్లవాడికి చెప్పండి. కథ పూర్తయ్యేదాకా వాడిని చదవనివ్వండి.